రోమాపురి కంచునాణెములు: వానిపైని స్త్రీమూర్తులు

రోమునగరమును జూడబోయినవారు సాధారణముగా దలయెత్తి చూతురు. ఆకాశము నంటు స్తంభములు, విజయతోరణములు, కొలోసియమను మహాప్రేక్షాగారము, ఇవన్నియు దలయెత్తి చూడవలసినవే. కాని తలవంచి చూడవలసిన వస్తువులును ఆ నగరమున గలవు. అవి ప్రాచీన రోమకుల కంచునాణెములు. బంగారునాణెములు రాజుల కోశములలోను, వర్తకుల పెట్టెలలోను దాగియుండెడివి. కంచునాణెము ప్రతిదినమును అంగడిలో జేతులు మాఱి, రొట్టెకును నూనెకును అక్కఱకు వచ్చెడిది. కావున దేశము నేలువాడు తన మాట ప్రతి గృహిణికిని చేరవలెనని కోరినచో, దానిని కంచునాణెముపై ముద్రింపించెడివాడు. ఆ మాటలలో బెక్కింటిని స్త్రీమూర్తుల రూపముననే చెప్పించెడివాడు. ఆ మూర్తు లెవరు, వాని వెనుకనున్న సజీవస్త్రీల గతి యేమాయెను అని తెలిసికొనగోరి మేము రోమునగరమున గొన్నిదినములు తిరిగితిమి. ఆ విశేషములను సోదరీమణులకు విన్నవించుచున్నాము.

ఈ నాణెములను జూడగోరువారు మొదట తెర్మినీ యను పెద్ద రైలుస్టేషనునకు సమీపముననున్న పలాజో మాసిమో యను ప్రదర్శనశాలకు బోవలెను. 1883 మొదలు 1887 వఱకు గట్టబడిన యీ మేడలో 1960 వఱకు నొక విద్యాలయ ముండెడిది. మా వారు బడిపంతులగుటచే, ఈ సంగతి వినగానే గదులన్నిటిని తరగతులుగా భావించి చూచుచు నడచిరి. పై యంతస్తులలో జలువరాతి విగ్రహములును, అగస్టసు చక్రవర్తి భార్యయగు లివియా యొక్క యుద్యానగృహమునుండి తెచ్చిన వృక్షలతాచిత్రములును గలవు. నాణెముల శాల నేలమాళిగలో నున్నది. పైన జనసమ్మర్దము, క్రింద నిశ్శబ్దము. విగ్రహమును దూరమునుండియు జూడవచ్చును. నాణెమును జూచుటకు మాత్రము ముక్కు అద్దమునకు దగులునంతవఱకు వంగవలసినదే.

మనము వాడుకగా నన్నిటిని కంచునాణెములనియే యందుము గాని, మన యింటి పాత్రలవలెనే యివియు మూడు తెఱగులు. రాగితో దగరము కలిసినది కంచు. యశదము కలిసినది ఇత్తడి. ఏమియు గలియనిది శుద్ధమైన రాగి. తొలినాటి రోమకులు కంచును గరగించి అచ్చులలో బోసి నాణెములు చేసిరి. క్రీస్తుపూర్వము మూడవ శతాబ్దమునాటి యట్టి నాణెమునకు 'ఆసు' అని పేరు. తొలుత నది యించుమించుగా 320 గ్రాములు తూగెడిది. అట్టివి పది సంచిలో వేసికొని యంగడికి బోవుట యెట్లో యూహించుకొనుడు! కాలక్రమమున దాని బరువు తగ్గుచు వచ్చెను.

క్రీస్తుపూర్వము 23వ సంవత్సర ప్రాంతమున అగస్టసు చక్రవర్తి నాణెముల కొక క్రమము నేర్పఱచెను. ఆసును రాగితోను, సెస్టెర్షియసు అను పెద్దనాణెమును ఇత్తడితోను జేయించెను. నాలుగు ఆసు లొక సెస్టెర్షియసు. నాలుగు సెస్టెర్షియసు లొక వెండి దెనారియసు. ఇరువదియైదు దెనారియసు లొక బంగారునాణెము. అమరకోశము వల్లించిన సోదరీమణులకు దీనార శబ్దము క్రొత్త గాదు. ఆ శబ్దమునకు మూల మీ దెనారియసే. సెస్టెర్షియసు సుమారు 25 గ్రాముల బరువు, అనగా మన రెండు తులములకు బైమాట. వెడల్పు మూడు సెంటిమీటర్లకు మించియుండును. క్రొత్తగా నున్నప్పుడది చింతపండుతో దోమిన ఇత్తడిచెంబువలె మెఱసెడిది. ఇప్పుడు పెక్కునూఱేండ్లు భూమిలో నుండి పచ్చని చిలుము పట్టియున్నది. ఆ చిలుమును దోమి పోగొట్టరాదు. తోమినచో దానితోపాటు సన్నని గీతలును, నాణెపు విలువయు బోవును. ఇత్తడి కనబడగానే తోముటకు లేచు మన చేతుల కిది వింతయే.

79వ సంవత్సరమున వెసూవియసు పర్వతపు బూడిదలో మునిగిన పొంపేయి పట్టణమున నొక యింటిగోడపై ఎవరో దినదినపు ఖర్చు గీచియుంచిరి. అందొకదినమున జున్నునకు 1 ఆసు, రొట్టెకు 8, నూనెకు 3, ద్రాక్షమద్యమునకు 3 అని యున్నది. పాలపద్దు బొగ్గుతో గోడపై గీచుకొను మన యిండ్లు మాకు జ్ఞప్తికి వచ్చినవి. ఇట్టి ఖర్చులకై చేతబట్టిన నాణెములే యివి.

నాణెము నెగురవేసి మన పిల్లలు 'బొమ్మయా, బొరుసా' యని యడుగుదురు. రోమకుల పిల్లలు 'తలలా, ఓడలా' యని యడిగెడివారట. పాత ఆసుపై నొకవైపు జానసు అను రెండుముఖముల దేవుని తలయు, వేఱొకవైపు ఓడ ముందుభాగమును ఉండుటయే దీనికి గారణము. చక్రవర్తుల కాలమున ఒకవైపు ప్రభువుయొక్కయో, రాజబంధువుల యొక్కయో ముఖము వచ్చెను. రెండవవైపున దఱచుగా నొక స్త్రీ నిలిచియుండును. ఆమె చేతిలో ధాన్యపు వెన్నో, తెరచుక్కానియో, ఫలములు నిండిన కొమ్మో యుండును. ఆమె మనుష్యస్త్రీ గాదు. శాంతి, ఆశ, విశ్వాసము, సామరస్యము, స్వాతంత్ర్యము, పాతివ్రత్యము, సంతానసమృద్ధి, ఇట్టి గుణములకు రోమకు లిచ్చిన రూపము. లాటిను భాషలో నీ శబ్దములన్నియు స్త్రీలింగములు. కావున శిల్పి వానిని స్త్రీలుగా జెక్కెను. ఇది మనకు దెలిసిన మర్యాదయే. భగవద్గీత పదియవ యధ్యాయమున కీర్తి, శ్రీ, వాక్కు, స్మృతి, మేధ, ధృతి, క్షమ యనువానిని స్త్రీలుగనే చెప్పుట సోదరీమణు లెఱుగుదురు. ఇంతమంది స్త్రీమూర్తులు ప్రతియింటి నాణెములపై వెలయుచుండగా, ఆ యిండ్లలోని స్త్రీల కెట్టి గౌరవము గలిగెనో యను ప్రశ్న మాకు నేలమాళిగలోనే పుట్టినది. ప్రత్యుత్తరమునకై బయట తిరుగవలసివచ్చినది.

మఱునాడు కాపిటోలు కొండ కెక్కితిమి. ఆ కొండయొక్క యుత్తరశిఖరమున పూర్వము జూనో మొనేటా యను దేవి యాలయ ముండెడిది. జూనో దేవేంద్రుని శచీదేవి వంటిది. ఆ యాలయము క్రీస్తుపూర్వము 344లో బ్రతిష్ఠింపబడెను. తరువాత దాని చెంతనే టంకశాల వెలసెను. అందుచే నామె పేరగు మొనేటా శబ్దమే నాణెమునకు బేరాయెను. ఇంగ్లీషువారి 'మనీ', 'మింటు' అను రెండుమాటలును దానినుండి పుట్టినవే. ఇప్పు డా శిఖరమున మేరీమాత యాలయము నిలిచియున్నది.

ఈ కొండపైనే కాపిటోలు ప్రదర్శనశాలలో నొక తెల్లని రాతితొట్టి గలదు. అది అగస్టసు మనుమరాలగు అగ్రిప్పీనా యను నామె యస్థికల నుంచిన పాత్ర. ఆమెను టిబీరియసు చక్రవర్తి యొక దీవికి వెడలగొట్టెను. 33వ సంవత్సరమున నామె యాహారము లేక యచటనే మరణించెను. 37లో నామె కుమారుడు కాలిగులా చక్రవర్తియై, తానే యోడనెక్కి పోయి తల్లి యస్థికలను రోమునకు దెచ్చెను. ఆమె పేర నొక సెస్టెర్షియసును ముద్రింపించెను. దాని కొకవైపు ఆమె ముఖము. వేఱొకవైపు రెండు కంచరగాడిదలు లాగు పైకప్పు గల బండి. దానిపై 'అగ్రిప్పీనా స్మృత్యర్థము' అని భావమిచ్చు నక్షరములు గలవు. ఉత్సవములలో నామె ప్రతిమ నా బండిలో నూరేగించెడివారు. రాతితొట్టి కథ వేఱు. మధ్యయుగమున నెవరో దానిని ధాన్యము గొలుచుటకు వాడుకొనిరి. ఆకటితో మరణించిన యిల్లాలి యస్థిపాత్ర ధాన్యపు గొలతపాత్ర యాయెనని విని మేమచట గొంతసేపు మాటలేక నిలిచితిమి.

ఆ బండికిని ఒక పూర్వకథ గలదు. క్రీస్తుపూర్వము 215లో హానిబాలుతో యుద్ధము జరుగుచుండగా, రోమకులు ఒప్పియసు శాసనమను నొకదానిని జేసిరి. దానివలన స్త్రీ యర ఔన్సునకు మించి బంగార ముంచుకొనరాదు. రంగురంగుల వస్త్రము గట్టరాదు. దైవకార్యములకు దప్ప నగరమున బండి యెక్కరాదు. యుద్ధము ముగిసెను, శాసనము మాత్రము ముగియలేదు. క్రీస్తుపూర్వము 195లో రోమకస్త్రీలు వీథులలోనికి వచ్చి, సభకు బోవు పురుషుల నడ్డగించి, దానిని రద్దుచేయుడని యడిగిరి. కేటో యను పెద్దమనుష్యుడు స్త్రీలు వీథి కెక్కిరని మిక్కిలి కోపించెను. అయినను శాసనము రద్దాయెను. ఇట్లు సాధారణస్త్రీలు వీథిలో నిలిచి తిరిగి సంపాదించుకొన్న బండి, రెండువందల యేండ్ల పిమ్మట 22-23 సంవత్సరములలో లివియా పేర ముద్రించిన సెస్టెర్షియసుపై గౌరవచిహ్నమై వెలసెను. తరువాత అగ్రిప్పీనా నాణెముపైని వచ్చెను.

కాలిగులా తన ముగ్గురు చెల్లెండ్రను గూడ నాణెముపైకి దెచ్చెను. అగ్రిప్పీనా, డ్రుసిల్లా, జూలియా అను మువ్వురును వరుసగా నిలిచియుందురు. పెద్దామె నిర్భయత్వమను దేవి. ఆమె స్తంభము నానుకొనియుండును. నడిమియామె సామరస్యమను దేవి. మూడవయామె భాగ్యదేవత, ఆమె చేత చుక్కాని యుండును. వారి పేర్లును చెక్కబడియున్నవి. ఈ నాణెము వెలువడిన పిమ్మట 38వ సంవత్సరమున డ్రుసిల్లా మరణించెను. 39లో మిగిలిన యిద్దఱును గుట్ర జేసిరని యన్నయే వారిని దీవులకు వెడలగొట్టెను. నిర్భయత్వమును భాగ్యమును దీవుల పాలైన దినములలో నా నాణెము లంగడులలో దిరుగుచునే యుండెను. 41లో గాలిగులా చంపబడెను. అతని ముఖము గల కంచునాణెముల నన్నిటిని గరగింపవలెనని 43లో సభవారు తీర్మానించిరి. కొన్ని మాత్రము కరగక మిగిలినవి. అట్టి నాణెములవలననే యా యన్నచెల్లెండ్ర కథ నేడు మన కన్నుల కగపడుచున్నది.

కొండ దిగి ఫోరమను పురాతన సభాస్థలమున నడచినచో, ఫాస్టీనా యాలయము కనబడును. ఆంటొనైనసు చక్రవర్తి తన భార్య ఫాస్టీనా 140వ సంవత్సర ప్రాంతమున మరణింపగా, ఆమెను దేవతగా నెంచి దీనిని గట్టించెను. ముందట నాఱు పెద్ద స్తంభములతో నీ యాలయమే యామె నాణెముపై జెక్కబడెను. నాణెమున జూచిన యాలయమునకును, ఎదుట నిలిచిన యాలయమునకును బోలికలు చూచుకొనుట మాకొక వేడుక యాయెను. ఆమె స్మృత్యర్థము బీదబాలికల పోషణకై యతడొక ధర్మమును స్థాపించెను. వారిని 'ఫాస్టీనా బాలిక' లనెడివారు. తరువాతి కాలమున నా యాలయము క్రైస్తవుల దేవాలయ మాయెను. నడుమ నేల మెఱక కాగా నా మెఱకకు సరిపోవునట్లు ద్వార ముంచిరి. నేడు నేల త్రవ్వి మునుపటివలె జేసినందున, ఆ ద్వారము మనుష్యుని యెత్తునకు మించి గాలిలో వ్రేలాడునట్లున్నది.

ఆమె కుమార్తె పేరును ఫాస్టీనాయే. ఈమె మార్కసు అరీలియసు చక్రవర్తిని 145లో బెండ్లాడెను. ఈమె సెస్టెర్షియసులే మమ్మును మిక్కిలి కదలించినవి. ఒకదానిపై సంతానసమృద్ధి యను దేవి యిద్దఱు శిశువుల నెత్తుకొని, ఇరుప్రక్కల బిడ్డలతో నిలిచియుండును. వేఱొకదానిపై నొక సింహాసనముమీద నిద్దఱు పసివాండ్రు కూర్చుండియుందురు. అది 161లో గవలలు పుట్టినప్పటిది. ఆ యుగమునకు శుభము గలిగినదని దానిపై వ్రాయబడినది. ఫాస్టీనా పదుముగ్గురికి దక్కువగాని బిడ్డలను గనెను. వారిలో బెక్కురు బాల్యముననే పోయిరి. ఆ కవలలలో నొకడు నాలుగేండ్లకే మరణించెను. కుమారులలో బెరిగి పెద్దవాడైనది కొమోడసు ఒక్కడే. అతడును 192లో హత్యపాలాయెను. మార్కసు అరీలియసు తన కొఱకు తాను వ్రాసికొన్న గ్రంథమున, బిడ్డ పోవునేమో యను భయమును మనస్సు నుండి తొలగించుకొనుటను గూర్చి వ్రాసెను. తండ్రి మాట నేటికిని లోకము చదువుచున్నది. తల్లి వ్రాసికొన్న గ్రంథ మేదియు మనకు లేదు. ఆమెకు మిగిలినవి యీ నాణెములే. వానిపై బుట్టిన బిడ్డల లెక్క గలదు, పోయిన బిడ్డల లెక్క లేదు. ఒక్క బిడ్డను మట్టిచేసిన తల్లియైనను ఆ నాణెమును వేఱుగా జూచును.

ఫోరము కొసను టైటసు విజయతోరణ మున్నది. దాని లోపలి గోడపై యెరూషలేము దేవాలయమునుండి దోచిన యేడుకొమ్మల దీపస్తంభమును సైనికులు మోసికొనిపోవుచుందురు. ఆ దేవాలయము 70వ సంవత్సరమున నాశనమాయెను. 71లో వెస్పాసియను చక్రవర్తి ముద్రింపించిన సెస్టెర్షియసుపై నొక ఖర్జూరవృక్షము, దాని క్రింద జేతిపై దలయాన్చి యేడ్చుచున్న స్త్రీ కనబడును. 'యూదయ చెఱపట్టబడినది' అని దానిపై వ్రాత. దేశముపేరు స్త్రీలింగము గావున, ఓడిన దేశమును స్త్రీగా జేసి చెట్టుక్రింద గూర్చుండబెట్టిరి. చెట్టుక్రింద చెఱనుండి దుఃఖించు స్త్రీ యనగానే మనకు శింశుపావృక్షము క్రింది సీతాదేవి జ్ఞప్తికి రాక మానదు. కాని యొక్క భేదము గలదు. మన యాదికవి యా చెట్టుక్రింది యిల్లాలి పక్షమున నిలిచి కథ చెప్పెను. ఈ బొమ్మను జేయించినవాడు చెఱపట్టినవాడే. ఆమె దుఃఖము అతనికి విజయచిహ్నము.

ఆ కథ యంతటితో ముగియలేదు. 132 మొదలు 135 వఱకు యూదులు తిరుగబడినప్పుడు, రోమకుల నాణెములనే తీసికొని, వానిపైని ముఖములను అరగదీసి, తమ యచ్చులతో మరల గొట్టిరి. వారి కంచునాణెములపైని ఖర్జూరవృక్షమే గలదు. దాని క్రింద నేడ్చు స్త్రీ మాత్రము లేదు.

తోరణము దాటినచో గొలోసియము. 80వ సంవత్సరమున టైటసు దీనిని దెఱచి నూఱుదినము లుత్సవము చేసెను. ఆ కాలపు సెస్టెర్షియసుపై, పక్షి పైనుండి చూచునట్లు, లోపలి ప్రేక్షకుల తలలతో సహా యీ కట్టడము చెక్కబడినది. అటనుండి కొంచెము తూర్పుగా బోయినచో సెయింటు క్లెమెంటు ఆలయము వచ్చును. ఆ ప్రాంతమున టంకశాల పనివారు 115వ సంవత్సరమున వేయించిన శాసనములు దొరకినవి. కాపిటోలు కొండనుండి టంకశాల యిచటికి మాఱినదని వానివలన దెలియుచున్నది. అచ్చు క్రింద నొకటి, మీద నొకటి, నడుమ లోహపుబిళ్ల. సమ్మెట దెబ్బతో రెండుముఖములును ఒక్కసారి పడెడివి. పనివారిలో బెక్కురు దాసులు, దాస్యవిముక్తులు.

ఇక నా ప్రశ్నకు వచ్చెదము. నాణెముపై గౌరవము సరే. నాణెము చేతబట్టిన స్త్రీ మాట యేమి? ప్లీనీ యను రోమకపండితుడు ఏటేట హిందూదేశమునకు అయిదుకోట్ల సెస్టెర్షియసులు పోవుచున్నవని వ్రాసెను. చీనా, అరేబియా దేశములను గూడ జేర్చి పదికోట్లని చెప్పి, ఆ నింద విలాసములపైని, స్త్రీలపైని మోపెను. లెక్క యిత్తడినాణెములలో జెప్పినను, ఇటు వచ్చినది బంగారమును వెండియు. మన నాగార్జునకొండ త్రవ్వకములలోను రోమకుల బంగారునాణెములు దొరకినవి. అయితే నల్లమిరియములు పౌను నాలుగు దెనారియసులని యాయనయే వ్రాసెను. మిరియపుజారు స్త్రీలు మాత్రమే త్రాగిరా? పోర్చుగలు దేశమున విపాస్కా యను గనులయూర స్నానశాలకు హేడ్రియను చక్రవర్తి కాలమునాటి నిబంధనలు కంచుఱేకుపై చెక్కబడి దొరకినవి. అందు బురుషునకు స్నానరుసుము అర ఆసు. స్త్రీకి ఒక ఆసు. పురుషునికి రెట్టింపు రుసుము చెల్లించుటకై యామె ముడివిప్పి తీసిన నాణెముపై నొక దేవీమూర్తియే యుండియుండవచ్చును.

ఇన్ని నాణెములు చూచిన పిమ్మట మాకు దోచిన దిది. నాణెముపై స్త్రీని దేవిగా జెక్కుట సులభము. అందులకు గావలసినది మంచి శిల్పియు, మంచి యచ్చును. ఆ దేవి చెల్లెలై దీవిలో నున్నప్పుడు, తల్లియై బిడ్డను గోల్పోయినప్పుడు, బీదరాలై స్నానశాల వాకిట నిలిచినప్పుడు ఏమి జరిగినదో నాణెము చెప్పదు. మనమే యడిగి తెలిసికొనవలెను. స్త్రీని బొగడు బొమ్మలును, పాటలును, పండుగలును మనకును గొదువలేదు. వానిని జూచినప్పుడును ఈ ప్రశ్న వేసికొనుట మంచిది.

రోమునకు బోవు సోదరీమణులు తమ యాత్రలో నొక్కపూట యా నేలమాళిగకు గేటాయింపుడని మా మనవి. మిక్కిలి యరిగిన నాణెముల యొద్ద గూడ నిలిచి చూడుడు. సాధారణముగా ముందరిగిపోవునది ఉబ్బెత్తుగా నుండు ముఖము. శాంతియో, ఆశయో, సంతానలక్ష్మియో గుర్తింపరాకుండ నునుపైన యా స్త్రీమూర్తుల నరగదీసినవి రొట్టెకును నూనెకును వాని నిచ్చిపుచ్చుకొన్న వేలకొలది చేతులు. వానిలో స్త్రీల చేతులెన్నియో.